నాట్‌మచ్‌తో మెయిల్ వెతకడం, నాట్‌మచ్ బగ్స్ పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాట్‌మచ్ వాడేవాళ్ళు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, దాని కోడ్‌లో చెయ్యి పెట్టాలని ఉన్నవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. తెలుగులో రాసిన మెయిల్ వెతికేటప్పుడు వచ్చే చిక్కులకు ఎక్కువ చోటు ఇచ్చాను. ఒక తెలుగు మాట సెర్చ్‌లో దొరకలేదంటే అది బగ్గా కాదా అన్నది తెలుగు చదవడం వచ్చినవాళ్ళే చెప్పగలరు. మనం చెప్పకపోతే అది ఎవరికీ తెలియదు.

అసలు నాట్‌మచ్ ఏం చేస్తుంది?

మీ కంప్యూటర్‌లో ఉన్న మెయిల్ ఫైళ్ళన్నీ చదివి, ఇండెక్స్ కట్టి, ఏ మాటతో వెతికినా క్షణంలో తెచ్చిపెడుతుంది. ప్రతి మెయిల్‌కీ మీకు నచ్చిన ట్యాగులు తగిలించుకోవచ్చు. అంతకుమించి ఏమీ చేయదు, అదే దాని బలం. మెయిల్ దించుకోదు (దానికి ఎమ్‌బీసింక్, ఆఫ్‌లైన్‌ఐమ్యాప్ లాంటివి ఉన్నాయి), పంపదు, తుడిచెయ్యదు.

2009లో కార్ల్ వర్త్ దీన్ని మొదలుపెట్టాడు. అప్పటికే రూబీలో రాసిన సప్ అనే ప్రోగ్రామ్ ఉంది. మెయిల్‌ని ఫోల్డర్లలో సర్దుకోవడం మానేసి వెతుక్కోవడం, ట్యాగ్ పెట్టుకోవడం అన్న పద్ధతి అక్కణ్ణుంచి వచ్చింది. తర్వాత చాలా ఏళ్ళుగా మెయింటెయినర్‌గా దీన్ని నడిపిస్తున్నది డేవిడ్ బ్రెమ్‌నర్. లోపల సెర్చ్ పనంతా జాపియన్ అనే లైబ్రరీది, మెయిల్ ఫైల్ విప్పి భాగాలు వేరుచేసే పని జీమైమ్‌ది. నాట్‌మచ్ ఆ రెండిటినీ కలిపే సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్. లైసెన్స్ జీపీఎల్ మూడో వెర్షన్ లేదా ఆ తర్వాతిది. తెర మీద చదువుకోవడానికి ఈమ్యాక్స్ ఇంటర్‌ఫేస్ దాంతోపాటే వస్తుంది. అలాట్, నియోమట్, ఏర్క్ కూడా నాట్‌మచ్‌తో పనిచేస్తాయి.

గ్రెప్ (ఫైళ్ళలో మాట వెతికే కమాండ్) ఉండగా ఇదెందుకు?

ఇంగ్లీష్ మెయిల్ అయితే గ్రెప్‌తో కొంతవరకు నెట్టుకురావచ్చు. తెలుగు మెయిల్‌కి అది అస్సలు పనికిరాదు. మీరు తెలుగులో రాసిన ఉత్తరం డిస్క్ మీద సాధారణంగా తెలుగుగా ఉండదు, బేస్‌64గానో కోటెడ్ ప్రింటబుల్‌గానో మారి అర్థంకాని అక్షరాల వరసగా ఉంటుంది. సబ్జెక్ట్ లైనుకి మళ్ళీ వేరే రకం ఎన్‌కోడింగ్. ఫైల్ తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం కూడా కనపడకపోవచ్చు. జీమైమ్ ఆ పొరలన్నీ విప్పాక వచ్చిన అసలు పాఠాన్ని నాట్‌మచ్ ఇండెక్స్ చేస్తుంది.

ఇండెక్స్ పాడైతే నా మెయిల్ పోతుందా?

మెయిల్ పోదు, ట్యాగులు పోతాయి. ఈ తేడా మొదటి రోజే తెలుసుకోవాలి. మెయిల్ ఫైళ్ళు ఎక్కడివి అక్కడే ఉంటాయి, ఇండెక్స్ మొత్తం తీసిపారేసినా న్యూ కమాండ్‌తో మళ్ళీ కట్టుకోవచ్చు. కానీ మీరు చేత్తో పెట్టిన ట్యాగులు ఆ డేటాబేస్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. చదివారా, జవాబిచ్చారా, గుర్తు పెట్టారా లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది. మెయిల్‌డిర్ (ఒక్కో మెయిల్‌ని ఒక్కో ఫైల్‌గా దాచే పద్ధతి) ఫ్లాగ్‌ల సింక్ ఆన్‌లో ఉంటే అవి ఫైల్ పేరు చివర ఒక్కో అక్షరంగా కూడా ఉంటాయి.

కాబట్టి డంప్ కమాండ్‌ని రోజూ నడిచేలా పెట్టుకోండి. అది ఒక్కో మెయిల్‌కి ఒక్కో లైను చొప్పున మామూలు టెక్స్ట్ ఫైల్ ఇస్తుంది, కంప్రెస్ చేసి ఇవ్వమన్నా ఇస్తుంది. రిస్టోర్ దాన్ని తిరిగి ఎక్కిస్తుంది. డీబగ్ చేయడానికి కూర్చునేముందు కూడా మొదట డంప్ తీయండి, ఆ తర్వాత ఏం విరగ్గొట్టినా టెన్షన్ ఉండదు.

మెయిల్ ఫైల్ నా కళ్ళముందే ఉంది, సెర్చ్‌లో మాత్రం రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే. కోడ్ తెరవకండి ఇంకా. మెయిల్ నాలుగు మెట్లు దాటి మీ దగ్గరికి వస్తుంది: ఫైల్ ఇండెక్స్‌లోకి ఎక్కాలి, జీమైమ్ దాన్ని సరిగ్గా విప్పాలి, అందులోని మాటలు టర్మ్‌లుగా (ఇండెక్స్‌లో వెతకడానికి దాచే మాటలుగా) పడాలి, మీ క్వెరీ ఆ టర్మ్‌లనే అడగాలి. ఏ మెట్టు దగ్గర తప్పిపోయిందో తేలితే సగం పని అయిపోయినట్టే.

ముందుగా ఫైల్ తెరిచి మెసేజ్ ఐడీ హెడర్ కాపీ చేసి, ఎక్స్‌క్లూడ్ ఆప్షన్‌ని ఫాల్స్ చేసి ఆ ఐడీతో వెతకండి. దొరికిందా, అయితే ఫైల్ ఎక్కింది. వెంటనే దాని ట్యాగులు చూడండి. స్పామ్, డిలీటెడ్ లాంటి ట్యాగులు కాన్ఫిగ్‌లో మినహాయింపు జాబితాలో ఉంటే మామూలు సెర్చ్ వాటిని దాచేస్తుంది. ఆ సెర్చ్‌ని కూడా ఎక్స్‌క్లూడ్ ఆప్షన్ ఫాల్స్ చేసి నడిపితే బయటపడతాయి. బగ్ అనుకుని వచ్చేవాటిలో చాలా ఇక్కడే తేలిపోతాయి.

ఐడీతో కూడా దొరకలేదంటే ఫైల్ అసలు ఎక్కలేదు. న్యూ కమాండ్ వేగం కోసం ప్రతి డైరెక్టరీ మార్పు సమయం చూసి, మారకపోతే లోపలికి వెళ్ళదు. బ్యాకప్ నుంచి తెచ్చిన ఫైళ్ళు, పాత సమయాన్ని అలాగే ఉంచే కాపీ టూల్స్‌తో తెచ్చినవి ఇక్కడ జారిపోతుంటాయి. ఫుల్ స్కాన్ ఆప్షన్ ఇచ్చి నడపండి. అప్పుడూ ఎక్కకపోతే అది ఎమ్‌బాక్స్ ఫైలేమో చూడండి. నాట్‌మచ్‌కి ఒక ఫైల్‌కి ఒకే మెయిల్ కావాలి, వంద మెయిల్స్ ఒకే ఫైల్‌లో కలిపి ఉంటే అది మెయిల్ కాని ఫైల్ అని చెప్పి పక్కన పెట్టేస్తుంది. ఆ మెసేజ్ తెర మీద వస్తుంది గానీ పెద్ద స్కాన్‌లో కొట్టుకుపోతుంది, ఔట్‌పుట్ ఒక ఫైల్‌లోకి పంపి నిదానంగా చదవండి.

ఫైల్ ఎక్కింది, మినహాయింపు లేదు, అయినా ఒక మాటతో దొరకట్లేదు అంటే రెండో మెట్టు. షో కమాండ్‌తో ఆ మెయిల్ చూడండి. తెలుగు అక్షరాలకి బదులు పిచ్చి గుర్తులు వస్తుంటే పంపినవాళ్ళ ప్రోగ్రామ్ క్యారెక్టర్ సెట్ పేరు తప్పుగా రాసి పంపింది, ఇండెక్స్‌లోకి కూడా ఆ పిచ్చి గుర్తులే వెళ్ళాయి.

మూడో మెట్టుకి జాపియన్‌తోపాటు వచ్చే డెల్వ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఒక మాట ఇచ్చి అడిగితే అది టర్మ్‌గా ఇండెక్స్‌లో ఉందో లేదో, ఉంటే ఏ డాక్యుమెంట్లలో ఉందో చెబుతుంది. దీనికి మించిన సాక్ష్యం లేదు.

నాలుగోదానికి నాట్‌మచ్ డీబగ్ క్వెరీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి సెర్చ్ నడపండి. మీరు టైప్ చేసింది జాపియన్‌కి ఏ రూపంలో చేరిందో అచ్చు వేస్తుంది. బ్రాకెట్లు, కొటేషన్లు, చుక్క (*) గుర్తుల్ని షెల్ మధ్యలోనే మింగేసిన సంగతి అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బస్సు అని వెతికితే బస్సులో, బస్సుకి ఉన్న మెయిల్స్ ఎందుకు రావు?

ఇంగ్లీష్‌లో అయితే ఏకవచనంతో వెతికినా బహువచనం దొరుకుతుంది, ఎందుకంటే నాట్‌మచ్ ఇంగ్లీష్ స్టెమర్ (మాట చివరి మార్పులు తీసేసి మూలరూపం పట్టే కోడ్) వాడుతుంది. జాపియన్‌లో తమిళానికి స్టెమర్ ఉంది, నేపాలీకి ఉంది, తెలుగుకి లేదు. మనకేమో విభక్తులన్నీ మాటకే అతుక్కుంటాయి. బస్సు, బస్సులో, బస్సుకి, బస్సెక్కి, ఇవన్నీ ఇండెక్స్‌కి ఒకదానితో ఒకటి సంబంధం లేని వేర్వేరు టర్మ్‌లు.

ప్రస్తుతానికి దారి, మాట చివర చుక్క గుర్తు (*), అదే వైల్డ్‌కార్డ్ పెట్టడం. ఎక్కడ ఆపాలో ఆలోచించి పెట్టండి. హైదరాబాద అని అకారం దగ్గర ఆపి చుక్క పెడితే హైదరాబాదు, హైదరాబాద్, హైదరాబాదులో అన్నీ వస్తాయి. పొల్లు పెట్టి ఆపితే హైదరాబాదు జారిపోతుంది. వైల్డ్‌కార్డ్ మాట చివరే పనిచేస్తుంది, మొదట్లో పెడితే లాభం లేదు. ఇల్లు, ఇంటికి, ఇంట్లో లాంటి మాటల్లో మొదలే మారిపోతుంది కాబట్టి అక్కడ ఆర్ పెట్టి రూపాలన్నీ రాయడం తప్ప దారి లేదు. తరచుగా వాడే అలాంటి క్వెరీలకి కాన్ఫిగ్‌లో ఒక పేరు పెట్టి దాచుకోండి, తర్వాత క్వెరీ అనే ప్రిఫిక్స్‌తో ఆ పేరు పిలిస్తే చాలు.

తెలుగు స్టెమర్ రాస్తే ఎంతమందికి ఉపయోగమో చెప్పనక్కర్లేదు. జాపియన్ స్టెమర్లు స్నోబాల్ అనే చిన్న భాషలో రాసినవి. తెలుగు వ్యాకరణం మీద పట్టున్నవాళ్ళూ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళూ కలిసి కూర్చోవాల్సిన పని అది. మన దగ్గర ఇద్దరూ ఉన్నారు.

పొడుగు తెలుగు మాటలు అసలు దొరకట్లేదు. వైల్డ్‌కార్డ్ పెట్టినా రావట్లేదు. నిజమేనా?

నిజమే. టర్మ్‌లు తయారుచేసే జాపియన్ భాగానికి మాట పొడవు మీద ఒక హద్దు ఉంది, డిఫాల్ట్‌గా 64 బైట్లు. అంతకంటే పొడుగున్న మాటని చెత్త కింద లెక్కేసి వదిలేస్తుంది. మెయిల్‌లో కలిసిపోయిన బైనరీ డేటాతో ఇండెక్స్ ఉబ్బిపోకూడదని పెట్టిన హద్దు అది, ఇంగ్లీష్‌లో 64 అక్షరాల మాట ఎవరూ రాయరు కాబట్టి వాళ్ళకి ఎప్పుడూ తగలదు.

తెలుగులో లెక్క వేరు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఉండే సంఖ్య) 3 బైట్లు. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. అంటే 21 కోడ్‌పాయింట్ల దాకానే చోటు. "మాట్లాడుకుంటున్నారు" అన్నది 19 కోడ్‌పాయింట్లు, 57 బైట్లు, ఎక్కుతుంది. "మాట్లాడుకుంటున్నప్పుడు" కంటికి 8 అక్షరాలే, కానీ 22 కోడ్‌పాయింట్లు, 66 బైట్లు. అది ఎక్కదు. "తీర్చిదిద్దుకుంటున్నారు" 69 బైట్లు, అదీ ఎక్కదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఆ మాట ఇండెక్స్‌లో లేనట్టే. ఇండెక్స్‌లో లేని టర్మ్‌ని వైల్డ్‌కార్డ్ కూడా తేలేదు.

ఈ సంగతి నాకు చాలా బాధగా అనిపిస్తుంది. ఇవేమీ పండితులు వాడే సమాసాలు కావు, ఇంట్లో మాట్లాడుకునే క్రియలు. సరిచేయడం కష్టం కూడా కాదు. 1.4 వరస జాపియన్‌లో ఈ హద్దు మార్చే ఫంక్షన్ ఉంది, టర్మ్ జనరేటర్‌ని తయారుచేసే చోట ఒక లైను. డేటాబేస్ వైపు టర్మ్ హద్దు 245 బైట్లు కాబట్టి పెంచడానికి బోలెడు చోటుంది. మార్చాక పాత మెయిల్స్‌ని రీఇండెక్స్ చేయాలి. ఇండెక్స్ ఎంత పెరుగుతుందో కొలిచి ఆ కొలతతో సహా ప్యాచ్ పంపాలి, ఎందుకంటే మెయింటెయినర్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

అప్పటిదాకా సబ్జెక్ట్ లైను వరకు ఒక ఉపాయం ఉంది. సబ్జెక్ట్ ప్రిఫిక్స్ తర్వాత రెండు వాలు గీతల మధ్య రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇస్తే అది టర్మ్‌లతో పనిలేకుండా దాచిన సబ్జెక్ట్ మొత్తాన్ని చూస్తుంది. మెయిల్ లోపలి పాఠానికి ఈ ఉపాయం పనిచేయదు.

ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కనపడని అక్షరం ఉంటుంది కదా, దానివల్ల సెర్చ్ చెడిపోతుందా?

చెడిపోదు. మాట మధ్యలో వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని జాపియన్ లెక్కలోకి తీసుకోదు, ఇండెక్స్ చేసేటప్పుడూ క్వెరీలోనూ. ఒకరు అది పెట్టి రాసినా, ఇంకొకరు పెట్టకపోయినా టర్మ్ ఒకటే అవుతుంది. కాకపోతే ఇది టర్మ్‌లకే. పైన చెప్పిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ సెర్చ్‌లో ఆ అక్షరం ఉన్నదున్నట్టుగా పోలుస్తుంది.

ఐత్వం ఉన్న మాటలు కొన్ని మెయిల్స్‌లో దొరకవు. ఎందుకు?

యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే కోడ్‌పాయింట్‌గా, లేదా ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు కలిపి రెండుగా. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. జాపియన్ ఈ రెండిటినీ ఒకటి చేయదు, బైట్లు వేరైతే టర్మ్ వేరు. మన కీబోర్డులు సాధారణంగా మొదటి రకమే ఇస్తాయి. పాత మ్యాక్ ఫైల్‌సిస్టమ్ ఫైళ్ళ పేర్లని విడదీసి దాచుకునేది, అందుకని అక్కణ్ణుంచి వచ్చిన అటాచ్‌మెంట్ పేర్లలో రెండో రకం తగులుతుంది. "బ్యాంక్ పైకం" అన్న ఫైల్ పేరుతో దొరకకపోతే ఐత్వం లేని ఇంకో మాటతో, ఇక్కడైతే బ్యాంక్ అనే మాటతో, అటాచ్‌మెంట్ ప్రిఫిక్స్ పెట్టి వెతకండి.

1990ల నాటి ఆర్‌టీఎస్ (రైస్ ట్రాన్స్‌లిటరేషన్, తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి) మెయిల్స్ ఉన్నాయి. వాటిని వెతకొచ్చా?

వెతకొచ్చు, ఒక్క పరిమితి ఉంది. రైస్ ట్రాన్స్‌లిటరేషన్‌లో చిన్న ఎల్ అంటే ల, పెద్ద ఎల్ అంటే ళ. ఇండెక్స్‌కి వెళ్ళేటప్పుడు అన్నీ చిన్న అక్షరాలైపోతాయి కాబట్టి కల, కళ రెండూ ఒకే టర్మ్. ఎక్కువ ఫలితాలు వస్తాయి తప్ప పోయేది ఏమీ లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ దగ్గర ఈ కాలపు ఉత్తరాలు ఇంకా ఉంటే దయచేసి పారేయకండి, ఎమ్‌బాక్స్‌లో ఉంటే ఒక్కో ఫైల్‌గా విడగొట్టి ఇండెక్స్ చేసుకోండి.

ఒకే మెయిల్ రెండు ఫోల్డర్లలో ఉంది, సెర్చ్‌లో ఒకటే వస్తోంది.

అలా ఉండాల్సిందే. మెసేజ్ ఐడీ ఒకటైతే నాట్‌మచ్‌కి మెయిల్ ఒకటే, ఫైళ్ళు ఎన్నైనా ఉండొచ్చు. ఔట్‌పుట్‌గా ఫైళ్ళు అడిగితే అన్నీ చూపిస్తుంది. ఐడీ లేకుండా వచ్చిన మెయిల్‌కి ఫైల్ నుంచి ఒక హాష్ లెక్కగట్టి దాన్నే ఐడీగా వాడుకుంటుంది.

సంబంధం లేని రెండు సంభాషణలు ఒకే థ్రెడ్‌లో కలిసిపోయాయి.

ఎవరో పాత మెయిల్‌కి రిప్లై నొక్కి, సబ్జెక్ట్ మార్చి కొత్త విషయం మొదలుపెట్టి ఉంటారు. నాట్‌మచ్ సబ్జెక్ట్ చూసి థ్రెడ్ కట్టదు, రెఫరెన్సెస్, ఇన్ రిప్లై టు హెడర్లు చూసి కడుతుంది. ఆ హెడర్లు ముందు చదవండి, జవాబు అక్కడే ఉంటుంది.

చదువుతున్న రివిజన్ తీసేయబడింది అని ఎర్రర్ వస్తోంది, డేటాబేస్ పోయిందా?

లేదు, భయపడకండి. జాపియన్‌లో రాసేది ఒకేసారి ఒక్కరే, చదివేవాళ్ళు ఎందరైనా ఉండొచ్చు. మీ సెర్చ్ పొడుగ్గా నడుస్తుండగా వెనక న్యూ కమాండ్ వరసగా మార్పులు రాసేస్తే మీరు చూస్తున్న పాత ప్రతి చెరిగిపోతుంది. మళ్ళీ నడిపితే సరిపోతుంది. మీరు లైబ్రరీ మీద సొంత ప్రోగ్రామ్ రాస్తుంటే మాత్రం డేటాబేస్‌ని మళ్ళీ తెరిచి ప్రయత్నించే దారి తప్పకుండా పెట్టండి, ఇలాంటివి మీ దగ్గర ఒక్కసారి కూడా రాకుండా వాడేవాళ్ళ దగ్గర రోజూ వస్తాయి.

ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్స్‌లో వెతకొచ్చా? పీడీఎఫ్‌ల లోపల?

మొదటిదానికి అవును, డిక్రిప్ట్ చేసి ఇండెక్స్ చేసేలా పెట్టుకోవచ్చు. కానీ అప్పుడు రహస్యంగా ఉంచిన మాటలన్నీ ఇండెక్స్‌లోకి వచ్చేస్తాయి. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి లేని ల్యాప్‌టాప్‌లో ఆ పని చేయకండి. పీడీఎఫ్ లోపలి పాఠం ఇండెక్స్ కాదు, ఫైల్ పేరూ రకమూ మాత్రమే అవుతాయి.

సోర్స్ నుంచి బిల్డ్ చేసి కోడ్ మార్చాలంటే?

జాపియన్, జీమైమ్ 3, టాలక్ (మెమరీ కేటాయించే లైబ్రరీ), జీలిబ్, జెడ్‌లిబ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఉంటే చాలు. కాన్ఫిగర్, మేక్, ఆ తర్వాత మేక్ టెస్ట్. ఏ మార్పూ చేయకముందే టెస్టులు ఒకసారి పూర్తిగా నడిపి ఫలితం దాచుకోండి, ఏది మీవల్ల విరిగిందో ఏది ముందే విరిగుందో తర్వాత తేల్చుకోవడానికి.

టెస్టులన్నీ బ్యాష్ స్క్రిప్టులు, గిట్ టెస్ట్ లైబ్రరీ నుంచి వచ్చిన పద్ధతి. ప్రతిదీ సొంతంగా ఒక తాత్కాలిక మెయిల్ పెట్టె కట్టుకుని నడుస్తుంది కాబట్టి మీ అసలు మెయిల్‌కి ఏమీ కాదు. కావాలంటే ఒక్క ఫైల్‌నే విడిగా నడపొచ్చు, వెర్బోస్ పెడితే మధ్యలో ఏం జరుగుతోందో కనిపిస్తుంది, వాల్‌గ్రైండ్ ఆప్షన్ పెడితే మెమరీ తప్పులు బయటపడతాయి. క్రాష్ అయితే జీడీబీ అనే డీబగర్ వాడండి. మెమరీ ఊరికే పెరిగిపోతోందంటే టాలక్ రిపోర్ట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఒక ఫైల్ పేరు ఇవ్వండి, ఏ వస్తువు కింద ఎంత మెమరీ పట్టుకుని కూర్చుందో చెట్టు ఆకారంలో రాసిపెడుతుంది. టాలక్‌లో ప్రతి కేటాయింపుకీ ఒక యజమాని ఉంటాడు, యజమాని పోతే పిల్లలూ పోతాయి. ఇది తెలియకుండా సీ కోడ్ చదివితే ఎక్కడా ఫ్రీ కనపడక కంగారు పడతారు.

బగ్ ఎలా చెప్పాలి, ప్యాచ్ ఎలా పంపాలి?

మీ సొంత ఉత్తరాలు అతికించకండి. సమస్య కనిపించే అతి చిన్న మెయిల్ ఒకటి కల్పించి, నాట్‌మచ్, జాపియన్ వెర్షన్లు, డీబగ్ క్వెరీ ఔట్‌పుట్ జతచేయండి. ప్యాచ్‌లు గిట్ సెండ్ ఈమెయిల్‌తో వెళతాయి, పుల్ రిక్వెస్ట్ బటన్ కోసం వెతకొద్దు. ఈ ప్రాజెక్ట్‌లో నాకు బాగా నచ్చే అలవాటు ఒకటుంది: మొదటి ప్యాచ్‌లో బగ్ చూపించే టెస్ట్ రాసి దానికి తెలిసిన లోపం అని గుర్తు పెడతారు, రెండో ప్యాచ్‌లో కోడ్ సరిచేసి ఆ గుర్తు తీసేస్తారు. సరిచేయడం మీకు రాకపోయినా మొదటి ప్యాచ్ ఒక్కటే పంపొచ్చు, దానికీ విలువ ఉంది.

సీ రాదు. అయినా తెలుగు కోసం ఏమైనా చేయగలనా?

టెస్ట్ రాయండి. టెస్ట్ లైబ్రరీలో మెయిల్ కల్పించే ఫంక్షన్ ఉంది, సబ్జెక్టూ బాడీ ఇస్తే ఫైల్ తయారుచేసి ఇండెక్స్ చేసేస్తుంది. 080 నంబర్ సెర్చ్ టెస్ట్ ఫైల్ తెరిచి, అక్కడున్నదాన్ని చూసి, తెలుగు మాటలతో మీది రాయండి. పైన చెప్పిన 66 బైట్ల మాటతో ఒకటి, నాన్ జాయినర్ ఉన్నదీ లేనిదీ కలిపి ఒకటి, రెండు రకాల ఐత్వాలతో ఒకటి. మొదటిదీ మూడోదీ తెలిసిన లోపాలుగా గుర్తు పెట్టి పంపండి, రెండోది ఇప్పుడే పాసవుతుంది.